లాడ్జి మిషను

గంగబాబు ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. మిషను బిగించాలి, అమ్మ దుప్పట్లు ఉతకాలి, మధ్యాహ్నం అన్నం తిని పంటు ఎక్కాలి. సఖినేటిపల్లి రేవులో జనాన్నీ బళ్లనీ వశిష్ఠ గోదావరి దాటించే పంటుని నడిపే సరంగు అతను. ఒక్క పూట సెలవు పెట్టాడు. ఆషాఢం ముసురు పట్టి వారమైంది, ఇంట్లో గోడలతో సహా ఏదీ ఆరడం లేదు.

ఆ ఇంట్లో బట్టలుతకడం సరదా వ్యవహారం కాదు. గంగబాబు తల్లి పోలమ్మ నడుం పడిపోయి మంచం పట్టి ఏడాది దాటింది. ఆవిడ పక్క రోజూ మార్చాలి, మార్చినవి రోజూ ఉతకాలి. ఆ పని కోడలు లక్ష్మీతులసిది. సబ్బునీళ్లలో నాని నాని ఆమె వేళ్ల సందులు ఒరిసిపోయాయి. అది చూసిన పోలమ్మ, పక్క తడపకూడదని సాయంత్రం నుంచి మంచినీళ్లు తాగడం మానేసింది. ఆ సంగతి కనిపెట్టి లక్ష్మీతులసి వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. తర్వాత అత్తా కోడళ్లిద్దరూ ఏమీ జరగనట్టే ఊరుకున్నారు.

పోలమ్మకి ఇంకో దిగులుంది. అది ఉతికితే పోయేది కాదు. కూతురు సత్యశ్రీ కువైట్‌లో ఒకరింట్లో పనికి వెళ్లి నాలుగేళ్లు దాటింది. పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంటుంది. సెలవడిగితే మేడమ్ పండగ వెళ్లనీ అంటుంది, పండగ వెళ్లాక పిల్లల పరీక్షలు అవనీ అంటుంది. "దాన్నోసారి చూసి పోతాన్రా గంగా" అని పోలమ్మ రోజుకోసారైనా అంటుంది. దానికి గంగబాబు దగ్గర జవాబు లేదు. జవాబున్న సమస్య ఒక్క బట్టల మిషనే కాబట్టి, అతను తన తెలివంతా దాని మీదే పెట్టాడు.

అంతకుముందు రెండు మిషన్లు కొన్నారు, రెండూ పోయాయి. ఆ ఊళ్లో బోరు నీళ్లు ఉప్పన, పైగా తుప్పు రంగు. మొదటి మిషను బేరింగు తుప్పు పట్టి ఓ రోజు కీచుమని అరిచి ఆగిపోయింది. రెండోది తడిసిన బొంత బరువు మొయ్యలేక తొట్టి పగిలి, వంటిల్లంతా నీళ్లు చేసింది.

"ఈసారి కూడా మామూలుదే తీసుకుందామండి. కాస్త పెద్దది చూసి, పాడైతే మెకానిక్కు ఇక్కడిదాకా వస్తాడో లేదో కనుక్కుని మరీ కొందాం," అంది లక్ష్మీతులసి.

"మామూలువి ఉత్త ప్లాస్టిక్కు తులసీ. ఇరుసు చూస్తే పెన్సిలంత ఉంటాది. మస్కట్ హోటల్లో నేను తిప్పిన మిషన్లు నువ్వు చూడలేదు. లోపలా బయటా స్టీలే. బేరింగు నా పిడికిలంత. లారీడు దుప్పట్లు ఉతికినా కుయ్యిమనేవి కాదు."

"అక్కడ మంచినీళ్లండి."

"ఆ మిషన్లకి నీళ్లతో పన్లేదే."

"నీళ్లతో పన్లేని బట్టల మిషనేంటండీ?" అంది లక్ష్మీతులసి. గంగబాబు ఆ ప్రశ్న వినలేదు. అమలాపురంలో మూతపడిన ఓ లాడ్జిలో ముందు తలుపు మిషనొకటి అమ్మకానికి ఉందని అప్పటికే కబురొచ్చింది.

అది వచ్చింది. ఆరుగురు మోస్తే దిగింది. బీరువా అంత మనిషి, పొట్ట మధ్యలో పళ్లెమంత అద్దం తలుపు. బిగించడానికి వచ్చిన వీరేంద్ర దాని చుట్టూ ఓసారి తిరిగి, చెడ్డ వార్త చెప్పబోయే డాక్టరులా గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఇళ్లల్లో పెట్టుకునేది కాదండి గంగబాబుగారూ. దీనికి లోపల స్ప్రింగులుండవండి. సిమెంటు దిమ్మ కట్టి బోల్టులు దిగ్గొట్టాలండి."

"ఆయ్."

"సగం బట్టలేస్తే ఎగిరి పడిపోద్దండి. నిండా వెయ్యాలండి."

"ఆయ్."

"హీటరు మీ ఇంటి లైను లాగదండి, తీసేస్తున్నాను. వేడినీళ్లు బయట కాచి పోసుకోవాలండి. ఇది తిరిగినంతసేపూ ఇంట్లో ఇంకో స్విచ్చి వెయ్యకూడదండి, ఫ్యూజెగిరిపోద్ది. గుమ్మంలో ఎలాగూ పట్టదు, వాకిట్లోనే పెట్టాలండి."

"ఆయ్," అన్నాడు గంగబాబు. ఆ ఆయ్‌లో ఒప్పుదల పావు వంతు, మర్యాద ముప్పావు. కానీ పని మాత్రం పూర్తిగా అన్నట్టే జరిగింది.

వాకిట్లో దిమ్మ కట్టి, మూడు రోజులు ఆగి ఆ పొద్దున మిషను బిగించారు. మిషను తడవకుండా టెంటు హౌసు వాళ్లు ఓ టెంటు వేశారు. టెంటుతో పాటు కుర్చీలు వస్తాయి, అది వాళ్ల పద్ధతి. వద్దంటే నొచ్చుకుంటారని గంగబాబు వద్దనలేదు. ముసురులోనే మూడు రాళ్లు పెట్టి, గుండిగతో నీళ్లు కాచారు. తడిసిన కట్టెలు మండక ఊది ఊది లక్ష్మీతులసి కళ్లు ఎర్రబడ్డాయి, కొంగుతో తుడుచుకుంటూనే ఉంది. మిషను కడుపు నిండాలంటే పోలమ్మ దుప్పట్లొక్కటీ చాలవు కాబట్టి ఇంట్లో పక్కలు, తలగడ గలేబులు, కర్టెన్లు, చీరలు, పంచెలు అన్నీ తెచ్చి వాకిట్లో కుప్ప పోశారు. అయినా వీరేంద్ర లోపలికి తొంగి చూసి, "ఇంకా కాస్త ఖాళీ ఉందండి," అన్నాడు. గంగబాబు ఒంటి మీద చొక్కా కూడా విప్పి అందులో పడేసి, భుజాన తువ్వాలేసుకున్నాడు. తలుపు మూసి మీట నొక్కారు.

పక్క బట్టలన్నీ మిషనులోకి పోవడంతో పోలమ్మని ఎత్తుకొచ్చి అరుగు మీద చాప పరిచి పడుకోబెట్టారు. కప్పడానికి మిగిలిందల్లా బీరువా అడుగున ఉన్న కొత్త తెల్ల పంచె ఒక్కటే. మిషను హోరుకి తల పగిలిపోతోందని ఆవిడ చెవుల్లో దూది పెట్టించుకుని కళ్లు మూసుకుంది.

సరిగ్గా అప్పుడు రోడ్డు మీద దుర్గారావు మోటారు సైకిలు ఆగింది. దుర్గారావు కొబ్బరికాయల వ్యాపారి, అదే వీధి. కూతురి సంబంధం ఖాయం చేసుకోవడానికి పళ్లూ తాంబూలాలూ పట్టుకుని నరసాపురం వెళ్తున్నాడు. ఆగి చూశాడు. టెంటు, కుర్చీలు, రాళ్ల పొయ్యి మీద కాగుతున్న నీళ్లు, ఎర్రటి కళ్లతో కోడలు, చొక్కా లేకుండా కొడుకు, నేల మీద తెల్లబట్ట కప్పుకుని పోలమ్మ. చెవిలో దూదో ముక్కులో దూదో రోడ్డు మీదినుంచి ఎవరికి తెలుస్తుంది?

అడుగుదామంటే లోపలికెళ్లాలి. చావింట్లో కాలు పెడితే తలస్నానం చేస్తే గానీ శుభకార్యానికి పనికిరాడు. అవతల పెళ్లివారు ఎదురుచూస్తున్నారు. చిన్నప్పుడు తల్లి పోయినప్పుడు తనకి అన్నం కలిపి పెట్టిన మనిషి పోలమ్మ. దుర్గారావుకి నిజంగానే దుఃఖం పొంగుకొచ్చింది. చెప్పులు విడిచి, రోడ్డు మీదినుంచే చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

'కొత్త మిషనుకి ఎంత మర్యాద!' అనుకుని గంగబాబు కూడా ఎదురు దణ్ణం పెట్టాడు.

పంటు ఎక్కగానే దుర్గారావు కళ్లు తుడుచుకుంటూ కబురు చెప్పాడు. పంటు వాళ్లు నిర్ధారించుకుందామని గంగబాబుకి ఫోను చేశారు. ఎత్తలేదు. లక్ష్మీతులసికి చేశారు, స్విచ్చాఫ్. రాత్రంతా కరెంటు లేక ఆమె ఫోను చచ్చింది, ఇప్పుడు కరెంటున్నా స్విచ్చి వెయ్యకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే ఇద్దరి ఫోన్లూ ఎందుకు పలకవు? సరంగు తల్లి పోతే పంటు నడపడం ధర్మం కాదని పంటు ఆపేశారు. రెండు ఒడ్లనా బళ్లు ఆగాయి. ఎందుకాగిందని అడిగిన ప్రతివాడికీ చెప్పారు. విన్నవాళ్లలో ఒకడు, ఎప్పుడో పెళ్లిలో తీసిన పోలమ్మ ఫొటోకి దండ గీసి ఊరి వాట్సాప్ గుంపులో పెట్టాడు. ఆ గుంపులో సగం మంది గల్ఫులోనే ఉంటారు.

ఇక్కడ వాకిట్లో గంగబాబు అద్దం తలుపు ముందు గొంతుక్కూర్చుని, తన మిషను తిరుగుడు చూసి మురుస్తున్నాడు. నురగలో ఏదో వెలుగు కనబడింది. బొంతతో పాటు పైకెక్కి దుప్పట్లతో పాటు కింద పడింది. అది అతని ఫోను, చొక్కా జేబులోంచి బయటికొచ్చింది. మోగుతోంది. తెర మీద సత్యశ్రీ పేరు.

"ఆపవయ్యా బాబూ!" అని అరిచాడు.

"మధ్యలో తలుపు రాదండి. అదే దీని గొప్పదనమండి," అన్నాడు వీరేంద్ర, తన తప్పేమీ లేనట్టు.

పనివేళలో సత్యశ్రీ ఎప్పుడూ ఫోను చెయ్యదు. పాపం ఏం కష్టమొచ్చిందో అనుకుంటూ గంగబాబు అద్దం మీద చెయ్యి పెట్టాడు. చెల్లెలి పేరు మునుగుతూ తేలుతూ ఇంకో రెండు చుట్లు తిరిగి ఆరిపోయింది.

కాసేపటికి రోడ్డంతా జనం. పంటు వాళ్లు, పంటు ఆగిపోవడంతో వేరే పని లేనివాళ్లు, పూలదండలు, అగరొత్తులు. అందరికంటే ముందు పోలమ్మ చెల్లెలు చిన్నమ్మలు జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చి అక్క మీద పడింది. "నాకు చెప్పకుండా పోయేవా అక్కా!" పోలమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచి, చెవిలో దూది తీసి, "ఎవరు పోయేరే?" అని అడిగింది. చిన్నమ్మలు అరుగు మీంచి కింద పడింది. అదే నిమిషంలో మిషను నీళ్లు పిండడం మొదలుపెట్టింది. టెంటు రాటలు ఊగాయి, నానిన నేల కదిలింది, దిమ్మ నిలువునా పగిలింది. మిషనుకి మాత్రం గీత కూడా పడలేదు.

అది ఆగాక, సంగతి తెలిశాక, జనంలో కొంతమందికి సంతోషం, ఎక్కువమందికి కోపం. "బతికుంటే ఈ టెంటేంట్రా?" అని చిన్నమ్మలు అక్క కొడుకు మీద విరుచుకుపడింది. ఎవరికి ఏం చెప్పాలో తెలియక గంగబాబు అందరికీ కుర్చీలు వేశాడు. వీరేంద్ర ఫ్యూజు మార్చాక లక్ష్మీతులసి ఫోను ఛార్జింగులో పెట్టింది. తెర వెలగగానే మోగింది.

"వదినా! అమ్మ..." అవతల సత్యశ్రీ వెక్కిళ్లు.

"అమ్మకేం కాలేదమ్మా! ఇక్కడే ఉంది, చక్కగా ఉంది. ఎవరో తప్పు చెప్పేరు."

వెక్కిళ్లు ఆగాయి. తర్వాత సత్యశ్రీ గొంతు తగ్గించింది. "వదినా, అమ్మ బాగుందన్న మాట ఇంకెవరికీ చెప్పకు. నేను గుండెలు బాదుకుని ఏడిస్తే మేడమ్ బీరువా తీసింది. పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని కూర్చుంది. ఒక్క ఫొటో చూపిస్తే ఇచ్చేస్తానంటంది. పది రోజులు సెలవంట."

లక్ష్మీతులసి ఫోను చేత్తో మూసి, విన్నది విన్నట్టు మొగుడికి చెప్పింది. గంగబాబు తల్లి వైపు చూశాడు. బతికున్న అమ్మని పోయిందని ఫొటో తీద్దామనడానికి ఎవరికి నోరొస్తుంది?

పోలమ్మ ఇందాక తీసిన దూది కోసం చాప మీద తడుముకుంది. "ఈసారి ముక్కులో పెట్టవే తులసీ," అంది. "ఆ దండలు ఇలా తెండిరా. ఊరికే పారేస్తారా ఏంటి."

దండలు వేశారు, అగరొత్తులు వెలిగించారు. కోపంగా ఉన్నవాళ్లు కూడా చుట్టూ చేరారు. వీరేంద్ర ఫోను పట్టుకుని, "కాస్త ఏడవండి," అన్నాడు మొహమాటంగా. మొదట అందరికీ నవ్వొచ్చింది. చిన్నమ్మలు మాత్రం అక్క మొహం కేసి చూస్తూ ఉండిపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి, పంచె కింద మనిషి ఉన్నట్టే లేదు. పెద్దగా మార్పేమీ చెయ్యనక్కర్లేకపోయింది. చిన్నమ్మలు ఏడుపు మొదలుపెట్టింది, తర్వాత లక్ష్మీతులసి, ఆ తర్వాత గంగబాబు. ఫొటో తీసేశానని వీరేంద్ర చెప్పినా ఎవరూ ఆపలేకపోయారు. చివరికి పోలమ్మే, "చాల్లెండర్రా, ఊపిరాడతల్లేదు," అంది.

సత్యశ్రీ వచ్చింది. గుమ్మంలో పెట్టె వదిలేసి తల్లి పక్కన కూలబడింది. ఒకరి మొహం ఒకరు తడుముకున్నారు. ఉన్నన్నాళ్లూ తల్లి పక్క బట్టలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పగిలిన దిమ్మ మీద ఒరిగి నిలబడ్డ మిషనుని చూసి, "అక్కడ మా మేడమ్ ఇంట్లోనూ ఇలాంటిదే అన్నయ్యా. దాని మొహం చూళ్లేక ఛస్తన్నాను," అని నూతి దగ్గర చేత్తోనే ఉతికింది. పోలమ్మ రాత్రిళ్లు మళ్లీ మంచినీళ్లు తాగింది.

మిషను విషయానికొస్తే, గంగబాబు చెప్పింది అక్షరాలా నిజమే. దానికేమీ కాలేదు. వాకిలి కుంగింది, ఫ్యూజు కాలింది, ఫోను పోయింది, అరుగు బీట వారింది. ఆ తర్వాత లక్ష్మీతులసి తనకి కావలసిన మామూలు మిషను తనే వెళ్లి చూసుకుని తెచ్చుకుంది. గంగబాబు దాని ఇరుసు ఎంత లావుందో అడగలేదు.

వెళ్లే రోజు సత్యశ్రీ తల్లి కాళ్ల దగ్గర కూర్చుని లేవలేదు. వాకిట్లో ఆటో ఉంది. వచ్చిన రోజు నుంచీ అందరూ దాటవేస్తున్న మాట చివరికి ఆమే అంది.

"అమ్మా, ఇంక నువ్వు నిజంగా... అప్పుడు నన్ను పంపదమ్మా మేడమ్. ఒకసారి పంపేసిందిగా."

లక్ష్మీతులసి మొహం పక్కకి తిప్పుకుంది. గంగబాబు టైమైపోతోందన్నాడు గానీ పెట్టె పట్టుకోలేదు. పోలమ్మ కూతురి తల మీద చెయ్యి వేసి జుట్టు నిమిరింది.

"పోయేక వచ్చి ఏం చేస్తావే? నేను చూస్తానా పెడతానా. కళ్లుండగా వచ్చేవు, నాకది చాలు," అంది. ఏదో గుర్తొచ్చినట్టు గుమ్మం దగ్గర నిలబడ్డ కొడుకుని ఎగాదిగా చూసింది.

"మరీ చూడాలనిపిస్తే, ఈసారి మీ అన్నయ్య పోయేడని చెప్పు."