మడత పెట్టిన పులి

మా ఇంటిపేరు పులిగెడ్డ; గెడ్డంటే మా వైపు కొండవాగు. నన్ను చూస్తే వీధికుక్క కూడా లేవదు గానీ, ఇంటిపేరులో పులి ఉంది కదా అని యాభై ఏళ్ళుగా ఛాతీ విరుచుకునే తిరుగుతున్నాను.

ఈ ఏడు అరకులో ఇల్లు కట్టాం. దానికేం పేరు పెట్టాలన్న దగ్గర తగువొచ్చింది. మా ఆవిడ అనురాధ వాళ్ళమ్మ పేరు మీద "సోములమ్మ నిలయం" అంది. నేను మా ముత్తాత పేరు మీద "అప్పలనరసయ్య భవనం" అన్నాను.

"ఆయనేటి చేసాడండీ?"

"పులిని చంపాడు. ఇంటిపేరు ఊరికే వస్తుందా?"

"మీరు బల్లిని తోలడానికి కూడా నన్నే పిలుస్తారు కదా."

"బల్లికీ వంశానికీ సంబంధం లేదు."

"అయితే రుజువు తెండి. గృహప్రవేశానికి ఇంకా పదిరోజులుంది. తెస్తే మీ ముత్తాత పేరే రాయిద్దాం."

మరునాడే పాడేరు వెళ్ళాను. పాత రికార్డుల గదిలో కామేష్ అనే గుమాస్తా నాలుగు రోజులు నన్ను దుమ్ములో ముంచి, ఐదోనాడు ఒక అర్జీ నకలు చేతిలో పెట్టాడు. మా ముత్తాత రాసిందే. "పులిగెడ్డ దగ్గర ఉప్పు అమ్ముకొను అప్పలనరసయ్య విన్నవించునది. ఈ గెడ్డలో పెద్దపులి తిరుగుచున్నది" అని మొదలైంది. నాకు కళ్ళు చెమర్చాయి.

కింది సగం చదివాక ఆరిపోయాయి. "పులి భయముచేత మూడు దినములుగా మంచె దిగలేదు. దయయుంచి ఇద్దరు బంట్రోతులను పంపవలెను. ఒక నిచ్చెన కూడ."

కాగితాన్ని సరిగ్గా సగానికి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

గృహప్రవేశం నాడు భోజనాల దగ్గర పై సగం చదివి వినిపించి, మిగతాది సొంతంగా అందుకున్నాను. పులి దూకిందన్నాను. ముత్తాత దాని కళ్ళల్లో ఉప్పు కొట్టాడన్నాను. ఒక్క పోటుకి పడిందన్నాను.

మాకు కాఫీ గింజలు తెచ్చే కిల్లో సుక్రు విస్తరి ముందు నుంచి లేచి, తలపాగా తీసేశాడు.

"ఏమైంది సుక్రూ?"

"కిల్లో అంటే పులి బాబూ. మా ఇంటోళ్ళకి పులి అన్న. ఇన్నాళ్ళూ ఎవులు చంపినారో తెలీలేదు."

పంక్తిలో అందరూ నావైపే చూశారు.

"దినం పెట్టాల. మీరు గుండు చేయించుకోవాల."

నా నెత్తిన ఉన్నవి పాతిక వెంట్రుకలు. వాటికి రోజూ విడివిడిగా నూనె రాస్తాను.

"చంపలేదు సుక్రూ" అన్నాను.

"ఇప్పుడే కదండీ ఒక్క పోటన్నారు?" అంది మా ఆవిడ, పప్పు వడ్డిస్తూ.

ఇక దారిలేక మడత విప్పి, నా నోటితోనే నేను చదివాను. మంచె చదివాను, బంట్రోతులను చదివాను. ఆ తరవాత కాగితం మళ్ళీ మడవబోతే, మా ఆవిడ కాగితం వైపు చూడకుండానే "ఒక నిచ్చెన కూడ" అని అందించింది.

"నీకెలా తెలుసు?"

"చొక్కా నానబెట్టేముందు జేబులెవరు చూస్తారనుకున్నారు?"

సుక్రు తలపాగా చుట్టుకుని కూర్చున్నాడు. "అమ్మ సెప్పినట్టే, గుండు మాటెత్తగానే మడత బేగి ఇప్పీసినారు. మా అన్న మీ తాతనేటీ సెయ్యలేదు, మీ తాత మా అన్ననేటీ సెయ్యలేదు. పెరుగెయ్యండి బాబూ."

నేనే వేశాను.

ఇప్పుడు గుమ్మం మీద "సోములమ్మ నిలయం" అని ఉంది. నేను మనసు కష్టపెట్టుకుంటానని మా ఆవిడ బోర్డు మూలన చిన్న పులి బొమ్మ వేయించింది. పక్కనే ఒక మంచె, దాని మీద ఒక మనిషిని కూడా వేయించింది. ఆ మంచె మీద మనిషెవరని వచ్చినవాళ్ళు అడుగుతారు. నేను కాఫీ కలుపుతానని లోపలికి వెళ్ళిపోతాను.