గజ్జి నిర్మూలన మానవహారం

"నేటి నుంచి గజ్జి లేదు!" అని ఆరోగ్య మంత్రిగారు మైకులో ప్రకటించగానే నా మనవరాలు గట్టిగా చప్పట్లు కొట్టి, వెంటనే వేళ్ల సందులు బరబరా గోక్కుంది. సంతోషం పట్టలేకే అనుకున్నాను.

అయినా మనసాగక ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ దాని వేళ్లు, మణికట్లు చూసి గొంతు తగ్గించింది.

"ఇది అదే, మామ్మా."

"ఏది, తల్లీ?"

"లేనిది."

మెడ నుంచి అరికాళ్ల దాకా మందు పూయాలట. ఇంట్లో నలుగురూ ఒకే రోజు పూసుకోవాలి, వారానికి మళ్లీ పూయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. అందాకా పిల్లని పక్కలో వేసుకోకూడదు.

"ట్యూబులివ్వమ్మా."

"లేని జబ్బుకి మందెక్కడిది? వెనక్కి పంపించేశారు. షాపుల్లోనూ అమ్మొద్దన్నారు."

ఏడేళ్లుగా నా చెయ్యి తలకింద లేనిదే నిద్రపోని పిల్ల. ఇప్పుడు గదికి ఆ చివర అది, ఈ చివర నేను. "మామ్మా, ఉన్నావా?" "ఉన్నానే." అప్పటికే నాకూ దురద మొదలైంది.

వారం తిరక్కుండా విజయోత్సవం పెట్టారు. గజ్జిని జయించినందుకు మానవహారం! డాక్టరమ్మ అందరినీ గ్లవ్సు వేసుకోమంటే ఫొటో బాగా రాదన్నారు. మంత్రిగారు స్వయంగా నా మనవరాలి చెయ్యి అందుకున్నారు. ఫొటోగ్రాఫర్ గంట ఆలస్యం. ఎంత ఓర్పు! ఆ మహానుభావుడు చెయ్యి వదిలితే ఒట్టు.

"అంటుకోడానికి అంతసేపు చాలు, మామ్మా. దురద మాత్రం నెలకి గానీ తెలీదు," అంది డాక్టరమ్మ నా చెవిలో.

నెలయింది. టీవీలో మంత్రిగారు "కేసులు సున్నా" అంటూ కుర్చీకి వీపు రుద్దుకున్నారు. వెనక నిలబడ్డ పదకొండుమంది అధికారులూ ఆ సున్నాని బలపరుస్తూ గోక్కున్నారు.

మర్నాడే మా వీధిలోకి వ్యాను వచ్చింది. "చర్మకాంతి పథకం" అట. కొత్తగా వేసిన, ఇంకా గోక్కోని అధికారి జాబితా చూసి మనవరాలికి ఒక ట్యూబు ఇచ్చాడు.

"ఇంట్లో నలుగురం, బాబూ. ఒకే రోజు పూసుకోవాలి."

"మానవహారంలో చెయ్యి కలిపినవాళ్లకే, మామ్మగారూ. మీరు కలపలేదుగా?"

"అయ్యో, ఎంత పొరపాటు చేశాను!" అని అతని కుడిచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎడమచెయ్యి మనవరాలు పట్టుకుంది. ప్రభుత్వానికి కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టాను.

"వదలండి, మామ్మగారూ!"

"ఉండు నాయనా, ఇంకా మంత్రిగారి దాకా రానేలేదు."

వ్యానులోంచి మరో మూడు ట్యూబులు దిగేదాకా తీరిగ్గా చెప్పాను.