కొత్తవి మూడు వచ్చాయి

ఆ ఉదయం లైబ్రేరియన్ గారు పెట్టుకున్న పని ఒక్కటే, సాయంత్రం దాకా ఫోన్ ఆరిపోకుండా చూసుకోవడం. కూతురు తొలి కాన్పుకి ఆస్పత్రిలో చేరింది. తోడున్న భార్య, "మీరిలా గుమ్మం ముందు తిరుగుతుంటే నాకు కంగారెక్కువవుతోంది. లైబ్రరీకి వెళ్లండి, కబురు నేను చేస్తా. ఆ ఫోన్ మాత్రం చచ్చిపోనివ్వకండి!" అని తరిమేసింది. మధ్యాహ్నమయ్యేసరికి ఆ ఫోన్‌కి కునుకు పట్టడం మామూలే.

లైబ్రరీలో పుస్తకాలు కుట్టే పెద్దాయన్ని అందరూ జిగురు బాబాయి అంటారు. ఆయన ఫోన్ చూసి పెదవి విరిచాడు.

"ఇంత వెలుగు పెడితే ఏ బ్యాటరీ ఆగుతుంది సారూ? తగ్గించెయ్యండి. మోత తీసెయ్యండి. వణుకు కూడా దండగే. నెట్ అవసరమైనప్పుడే పెట్టుకోండి."

"మరి ఫోనొస్తే ఎలా తెలుస్తుంది?"

"మధ్యమధ్యలో చూసుకోండి."

లైబ్రేరియన్ గారు అన్నీ అలాగే చేశారు. తీరా చూసుకుంటే కనబడేది తన మొహమే. కిటికీ పక్క ఎండలో ఆ తెర నల్లపలకలా ఉంది. పదకొండింటికి పైఅధికారి ల్యాండ్‌లైన్‌కి చేసి, కొత్త పుస్తకాలెన్నో మెసేజ్ పెట్టమన్నాడు. లైబ్రేరియన్ గారు నెట్ పెట్టి, గుడ్డిగా నొక్కారు. "ఇవాళ కొత్తవి మూడు వచ్చాయి. మూడూ భద్రం. ఒకటి కాస్త సన్నం. చోటు చాలక నేల మీద పడుకోబెట్టాం." వెంటనే నెట్ తీసేశారు.

ఆ మెసేజ్ చుట్టాల గ్రూపుకి వెళ్లింది.

ఎండ బల్ల మీదుగా మెల్లగా జరుగుతోంది. వెలుగులో ధూళి తేలుతోంది. పుట్టబోయే బిడ్డ తన వేలు పట్టుకుని అరల మధ్య నడుస్తున్నట్టు, పుస్తకం పుస్తకం దగ్గరా ఆగి "ఇదేంటి తాతయ్యా?" అంటున్నట్టు ఆయనకి తోచింది. లోకం ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదనుకున్నారు. ఒళ్లో ఫోన్ పద్నాలుగుసార్లు చప్పుడు లేకుండా మోగింది.

మూడింటికి మళ్లీ ల్యాండ్‌లైన్. ఈసారి బావమరిది.

"బావా, ఉయ్యాలలు మూడూ ఒకే రంగువి దొరకలేదు, పర్లేదా?"

"మూడెందుకురా?"

"నేల మీద పడుకోబెట్టారట కదా! స్కానింగ్‌లో ఒక్కటే అన్నవాణ్ని నిలదీస్తానని పెదనాన్న బయల్దేరాడు. ఆ సన్నగా ఉన్నదాని కోసం చిన్నత్త ఒకటే ఏడుపు!"

లైబ్రేరియన్ గారు బల్ల కిందకి దూరి, ఆ చీకట్లో తన మెసేజ్ చదువుకున్నారు. తర్వాత చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తారు.

ఆస్పత్రి వరండాలో ఇరవైమంది చుట్టాలు, మూడు ఉయ్యాలలు. మధ్యలో భార్య, ఆరిపోయిన ఫోన్ పట్టుకుని. "అందరూ చేసి చేసి నా బ్యాటరీ మొత్తం తినేశారు. మీకు చేద్దామంటే ఇదీ గతి!"

ఆయన నోరు తెరిచేలోగా తలుపు తెరుచుకుంది. నర్సు తువాల్లో చుట్టిన బిడ్డతో వచ్చింది.

"ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం."

వరండా అంతా నర్సు వెనకున్న తలుపు వైపే చూసింది. చిన్నత్త కళ్లు తుడుచుకుని అడిగింది.

"మిగతా ఇద్దరూ?"

"అవి పుస్తకాలు," అన్నారు లైబ్రేరియన్ గారు నేల చూపులు చూస్తూ.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పుట్టిన నవ్వుకి బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. నర్సు బిడ్డని తాతయ్య చేతుల్లో పెట్టింది. ఆ బరువు ఆయన ఊహించినదానికంటే తక్కువ, వెచ్చదనం ఎక్కువ.

కాసేపటికి తేరుకుని, "ఇక కబురు ఎవరెవరికి చెయ్యాలి?" అని అడిగారు.

భార్య వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"చెప్పడానికి బయట ఎవరైనా మిగిలితే కదండీ!"