పక్షపాతం లేని పైపోర్షన్

సికింద్రాబాదులోని ఒక మనస్తత్వ పరిశోధనాలయంలో గత శుక్రవారం టీ వేళకు పక్షపాతం సమూలంగా అంతరించినట్టు ప్రకటన వెలువడింది. పరిశోధకులు తామే తయారుచేసిన పరీక్షను తామే రాసి, తామే దిద్దుకుని, నూటికి నూరు తెచ్చుకున్నారు. సంచాలకులు ఆచార్య సత్యదేవ్ గారు తమకు శాలువా కప్పించుకున్నారు.

అక్కడ వైవిధ్యం కూడా ఉంది. దాని పేరు పర్వీన్. కరపత్రం మీదా, గోడ మీదా ఆమే. నల్లగొండలో గోంగూర పచ్చడి తిని పెరిగిన పిల్ల. ఫొటోలో వైవిధ్యం సరిగా కనపడటం లేదని ఆమె చేతికి రంజాన్ పాయసం షీర్‌ఖుర్మా గిన్నె ఇచ్చారు.

పరీక్షలో ఒక ప్రశ్న: "అన్య మతస్థులకు మీ ఇల్లు అద్దెకిస్తారా?" అందరూ "సంతోషంగా" అని రాశారు. సత్యదేవ్ గారు దాని ముందు "మహా" చేర్చారు.

ఇది విని పర్వీన్‌కు ప్రాణం లేచొచ్చింది. బోయిగూడలో తానుంటున్న ఇల్లు కూలుస్తున్నారు. నెలాఖరుకు ఇంకోటి దొరక్కపోతే ఉద్యోగం వదిలి నల్లగొండ బస్సెక్కాలి. కాళ్లరిగేలా తిరిగింది. ఖాళీగా ఉన్న ఇళ్లన్నీ ఆమె పేరు చెప్పగానే నిండిపోతున్నాయి. ఇంతమంది మహానుభావుల్ని పక్కన పెట్టుకుని వీధులెందుకు తిరిగానా అని తనను తానే తిట్టుకుంది.

"సార్, మారేడ్‌పల్లిల మీ పైపోర్షన్ ఖాళీగుందట గదా. జెర నాకిస్తరా?"

సత్యదేవ్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "చూడమ్మా, పరీక్ష రాసింది నేను. ఇల్లు మా ఆవిడ పేరున ఉంది. ఆవిడ పరీక్ష రాయలేదు."

కార్ఖానా ఏరియాలో ఇల్లున్న పరిశోధకురాలు ఇంద్రజ మేడమ్‌కు వాస్తు అడ్డొచ్చింది. ఇంకో పరిశోధకుడు రఘునాథ్ గారి అత్తగారు ససేమిరా అన్నారట. ఆయనకింకా పెళ్లి కాలేదు.

మర్నాడు పర్వీన్ చేత కూడా పరీక్ష రాయించారు. ప్రశ్న మాత్రం ఆమెకు తగ్గట్టు మార్చారు: "అన్య మతస్థులు మీకు ఇల్లు అద్దెకిస్తారని నమ్ముతున్నారా?" ఆ పిచ్చిపిల్ల నిజం రాసింది. సున్నా వచ్చింది. పరిశోధనాలయంలో మిగిలిన ఏకైక పక్షపాతి అలా పట్టుబడింది.

సత్యదేవ్ గారు సభ పెట్టి గద్గద స్వరంతో అన్నారు: "తోటివారి మీద ఇంత అపనమ్మకమా! అయినా ఈమెను మనం వెలివేయం. కలుపుకొనిపోతాం. వచ్చే నెలంతా శిక్షణ ఇప్పిస్తాం!"

"వచ్చే నెల నేనేడుండాలె సార్?" అంది పర్వీన్. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.

పాఠకులారా, ఆ పరీక్ష మీరూ రాయవచ్చు. నూటికి నూరు ఖాయం, నాకేమీ అనుమానం లేదు. గేటుకు వేలాడుతున్న టు-లెట్ బోర్డు మాత్రం కాసేపు లోపల పెట్టుకోండి. పర్వీన్ ఇప్పుడు మీ వీధిలోకే వస్తోంది.