ఎంసీలు పెట్టిన దుర్భిణి

ఆ రోజు పొద్దున ఓబుళేశు పెట్టుకున్న పని ఒక్కటే. తొలి బస్సుకు కడపకు పోయి, తన ఎయిర్‌గన్నుకు ఒక దుర్భిణి కొనుక్కుని, అన్నం వేళకు ఇల్లు చేరాలి. సాయంత్రం చీనీ తోటలో డబ్బా మోగించాలి. అంతే. ఇంత చిన్న పనిలో పోలీసులు దూరే సందు ఉందని ఎవరైనా అనుకుంటారా?

డబ్బా సంగతి ముందు చెప్పుకోవాలి. బద్వేలు చుట్టుపక్కల తోటలకు కోతుల బెడద ఇంతా అంతా కాదు. కోతిని కొట్టడానికి ఓబుళేశుకు చేతులు రావు. శనివారం ఒంటిపూట ఉండి ఆంజనేయుడికి దండం పెట్టుకునే మనిషాయె. అందుకని గట్టు మీది వేపచెట్టుకు పాత నూనె డబ్బా ఒకటి తీగతో కట్టి వేలాడదీశాడు. మోటారు షెడ్డు దగ్గర కూర్చుని ఎయిర్‌గన్నుతో డబ్బాను కొడతాడు. అది ఠంగుమంటుంది, కోతులు పరుగందుకుంటాయి. కొన్నేళ్లు ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా సాగింది. ఈ ఏడు మాత్రం డబ్బా మోగడం మానేసింది. కోతులు కూడా భయం వదిలేసి, గన్ను పేలినప్పుడల్లా ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ బత్తాయి కాయ వలుచుకుంటున్నాయి.

"కండ్లు చూపిచ్చుకో అంటే వినవు కదా," అంది వెంకటలక్ష్మమ్మ, పాలు అమ్మిన దుడ్లు మొగుడి చేతిలో పెడుతూ.

"నా కండ్లు బాగానే ఉండాయి. గన్నుకే చూపు తగ్గినాది," అన్నాడు ఓబుళేశు.

కోతుల వల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. దాని మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. గట్టుకు అవతల బొప్పాయి తోట జిలాని బాషాది. చిన్ననాటి నుంచి ఒకరినొకరు బావా అని తప్ప పేరు పెట్టి పిలుచుకోని మనుషులు. జిలాని కూతురు శిరీన్ నడక నేర్చిందే ఓబుళేశు వేలు పట్టుకుని. నీ పెండ్లిలో మొదటి బంతి నేనే వడ్డిస్తానని ఆ పిల్లకు ఎప్పుడో మాటిచ్చాడు కూడా. పోయిన ఏడాది డబ్బా చప్పుడుకు పారిన కోతులు నేరుగా జిలాని తోటలో దిగి బొప్పాయినంతా నాశనం చేశాయి. నీ కోతుల్ని నా మీదికి తోల్తాండావని జిలాని అన్నాడు. అవి నన్ను అడిగి పోతాండాయా అని ఓబుళేశు అన్నాడు. మాటా మాటా పెరిగి ముసలివాళ్లయిన తల్లుల దాకా పోయింది. ఆ పూట నుంచి రాకపోకలు లేవు. నోరు జారినందుకు ఓబుళేశు ఏడాదిగా లోలోపల కుమిలిపోతున్నాడు. అయినా ముందు వాడే రావాలని పట్టు. శిరీన్‌కు సంబంధం కుదిరిందని విన్నాడు. ఎప్పుడు అని ఎవరినీ అడగడానికి మనసొప్పలేదు. తనను పిలుస్తారా పిలవరా అన్నదే దిగులు. పిలవకపోతే ఆ ఊళ్లో తల ఎత్తుకోవడం సంగతి అటుంచి, తన మాట ఏమయ్యేట్టు?

కడపలో అంగడివాడు మూడు దుర్భిణులు బల్ల మీద పెట్టాడు. మొదటిదాని ధరకు ఇంకో రెండు గన్నులు వస్తాయి. ఓబుళేశు దాన్ని ముట్టుకోకుండానే పక్కకు జరిపాడు. రెండోది చీకట్లో కూడా చూపిస్తుందట. చీకట్లో కోతులు నిద్రపోతాయి కాబట్టి అదీ వద్దనుకున్నాడు. మూడోది అంచుల్లో మసగ్గా, నడుమ శుభ్రంగా ఉంది. అద్దంలో అడ్డగీత కొంచెం ఒరిగినట్టు అనిపించింది గానీ, తలను ఒరిగిస్తే సరిపోతుందని అంగడివాడే ఉపాయం చెప్పాడు.

"ఎంత దూరం చూడాలి అన్నా?"

"మా మోటారు షెడ్డు కాన్నుంచి గట్టు దంకా."

అంతేనా అని అంగడివాడు నవ్వాడు. దుర్భిణిని గన్నుకు బిగించే క్లాంపులు వేరే కొనాలని కూడా చెప్పాడు. చేతిలో మిగిలింది బస్సు చార్జీ. ఓబుళేశు కాసేపు ఆలోచించాడు. మోటారు పైపు కారినప్పుడు పెట్టిన ఎంసీలు ముద్ద ఇంట్లో సగం మిగిలే ఉంది. నీళ్ల ఒత్తిడికే ఆగింది, దుర్భిణికి ఆగదా? క్లాంపులు వద్దన్నాడు. ఆ సాయంత్రమే రెండు రంగుల ముద్దలూ బాగా పిసికి, దుర్భిణిని గన్ను మీద కూర్చోబెట్టి, చుట్టూ పట్టించాడు. తెల్లారేసరికి రాయయింది. ఇక దుర్భిణిలో ఏం చూడాలన్నా గన్ను ఎత్తి చూడాల్సిందే.

మొదటి గుండుకే తెలిసిపోయింది, ముద్ద ఆరేటప్పుడు దుర్భిణి పక్కకు జరిగిందని. డబ్బా మీద గురి పెడితే దెబ్బ ఎక్కడికో పోతోంది. ఓబుళేశు తల పట్టుకోబోతూ ఊరికే అద్దంలో చూశాడు. కొన్నాళ్లుగా పొద్దున పూట గట్టు దగ్గర తెల్లగా ఏదో మసగ్గా నిలబడుతోంది. కొంగ అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు చూస్తే అది కొంగ కాదు, జిలాని. చంకలో గుడ్డసంచి పెట్టుకుని, వేపచెట్టు అవతల నిలబడి, ఈ వైపే చూస్తున్నాడు. ఒక అడుగు వేస్తాడు, ఆగుతాడు, తల గోక్కుంటాడు, వెనక్కి పోతాడు. ఓబుళేశుకు అర్థమైంది. వాడికీ తన మీద మనసుంది. రేపు వస్తాడు. వస్తే ఏమనాలో ఆ పగలంతా చెట్లకు నీళ్లు పెడుతూ కూడబలుక్కున్నాడు.

మరునాడు మోటారు షెడ్డు దగ్గర గన్ను ఎత్తి పట్టుకుని ఎదురుచూశాడు. జిలాని వచ్చాడు. ఈసారి గట్టు ఎక్కాడు కూడా. ఎక్కి తలెత్తాడు. ఓబుళేశుకు అద్దంలో చిన్ననాటి నేస్తం ముఖం నిండుగా కనిపించింది. జిలానికి మాత్రం కనిపించింది గన్ను గొట్టం, దాని మీద ఒక అద్దం, దాని వెనక ఒక కన్ను మూసిన ముఖం. మనిషి కొయ్యబారిపోయి, గిరుక్కున తిరిగి, ఒక చెప్పు గట్టు మీదే వదిలేసి పోయాడు.

చూసినావా పొగరు, గుమ్మం దాకా వచ్చి పోయినాడు అని ఓబుళేశు భార్య దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గన్ను సంగతి ఆయనకూ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. పైగా వదిలేసిన చెప్పు కోసమైనా వస్తాడేమోనని, మరునాడు పొద్దుటి నుంచి గన్ను తిప్పి తిప్పి అవతలి తోటంతా గాలించాడు. వాకిలి చూశాడు, కిటికీ చూశాడు, జిలాని భార్య సైదమ్మ గభాల్న తలుపు మూయడం చూశాడు.

సైదమ్మ వాళ్ల అన్నలకు ఫోన్ చేసింది. వాళ్లు రెండు జీపుల్లో దిగారు. ఇటు వెంకటలక్ష్మమ్మ తమ్ముడు భూపేష్ టీ హోటల్లో కూర్చుని, మా బావ తుపాకీలో చూస్తే మహానంది గోపురం కనబడతాదని గొప్పలు పోయాడు. ఆ మాట బొప్పాయి తోట చేరేసరికి తుపాకీ విదేశాలది అయింది. ఆ సాయంత్రం ఓబుళేశుకు అద్దంలో ఒక లారీ, అందులోంచి దిగుతున్న పొడుగాటి గుంజలు కనబడ్డాయి. పెళ్లి కుదిరిన ఇంటికి గుంజలు ఎందుకొస్తాయో ఊళ్లో ఎవరిని అడిగినా చెప్పేవారు. భయంలో ఉన్నవాడికి ఆ ఊహ రాదు.

"కట్టెలు దించుతాండారే," అన్నాడు భార్యతో. "మనుసుల్ని గూడా పిలిపిచ్చినాడు. నన్ను కొట్టేదానికే."

ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. భూపేష్ తన మనుషులతో చీనీ తోటలో మకాం పెట్టాడు. గట్టుకు అటూ ఇటూ జనం కూర్చుని ఒకరినొకరు కాపలా కాశారు. టీ హోటలువాడు రెండు వైపులా కెటిల్ తిప్పాడు. అంతమందిని చూసి కోతులు ఏకంగా పక్క ఊరికి తరలిపోయాయి. అవతలివాళ్లు ఆ గుంజలనే మళ్లీ లారీకెత్తి, ఆడవాళ్లతో సహా ఇల్లు తాళమేసి పోయారు. భయపడి పారిపోయినారు బావా అని భూపేష్ మీసం దువ్వాడు. ఆ పూట చీనీ తోటలో కోడి కోశారు. ఓబుళేశు మాత్రం ముద్ద ముట్టలేదు. మూసిన ఆ తలుపునే అద్దంలో చూస్తూ కూర్చున్నాడు.

రెండు రోజులకు స్టేషను నుంచి పిలుపొచ్చింది. సైదమ్మ అన్న ఫిర్యాదు ఇచ్చాడట. సబ్ ఇన్‌స్పెక్టర్ గన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. దుర్భిణి ఊడదీయబోయాడు, రాలేదు. ఆవరణలో బోర్లించిన బకెట్టుకు గురిపెట్టి కొట్టాడు. బకెట్టు చెక్కుచెదరలేదు, పక్కనున్న పూలకుండీ పగిలింది.

"దీంతో మనిషిని కాదుగదప్పా, వాని నీడను గూడా కొట్టలేవు. మరి మూడు దినాలు ఆయన మీదికి ఎందుకు గురిపెట్టినావు?"

ఓబుళేశు పక్కకు చూశాడు. అక్కడే బెంచీ మీద జిలాని కూర్చుని ఉన్నాడు, ఒళ్లో అదే గుడ్డసంచి.

"గురి కాదు సార్. బావ వస్తాండాడేమో అని చూస్తాంటి. నాకు ఉత్త కంటితో ఆనదు. దుర్భిణి ఊడదీద్దామంటే గన్నుకు అతుక్కుపోయినాది. క్లాంపులకు దుడ్లు చాల్లేదు."

స్టేషనులో ఎవరూ నవ్వలేదు. జిలాని సంచి ముడి విప్పాడు. లోపల అంచు పంచె, చొక్కా గుడ్డ, తువ్వాలు.

"నీకే ఇవి. పాప పెండ్లికి బట్టలు పెట్టి పిలుద్దామని దినామూ గట్టు దంకా వచ్చినా. ఏ మొగం పెట్టుకోని పిలవాల్నో తెలీక తిరిగి పోయినా. ఆఖరికి గట్టెక్కితే నువ్వు తుపాకీ ఎత్తినావు."

"పెండ్లి ఎప్పుడు బావా?"

"అయిపాయ. ఇంటికాడ ఎయ్యాల్సిన పందిలి బద్వేలు పెండ్లి హాలు కాడ ఏసినాం. మొన్న."

మొన్న అంటే కోడి కోసిన రోజు.

"మొదటి బంతికి మామ యాడ అని పాప అడిగె," అన్నాడు జిలాని. "పని మీద కడపకు పోయినాడని చెప్తి."

సబ్ ఇన్‌స్పెక్టర్ ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకుని, పూలకుండీ సంగతి మర్చిపొమ్మని చెప్పి, గన్నును దుర్భిణితో సహా స్టేషనులోనే ఉంచుకున్నాడు. ఇద్దరూ ఒకే ఆటోలో ఊరికి వచ్చారు. దారి పొడవునా జిలాని ఎడమవైపు చూశాడు, ఓబుళేశు కుడివైపు చూశాడు. గట్టు దగ్గర దిగేటప్పుడు సంచి మాత్రం చేతులు మారింది. ఆ పంచె ముందు పెట్టుకుని ఓబుళేశు ఇంట్లో చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వెంకటలక్ష్మమ్మ కళ్ల డాక్టరు మాట ఎత్తబోయి ఊరుకుంది.

మరునాడు పొద్దున కొత్త పంచె కట్టుకుని మోటారు షెడ్డు దగ్గర కూర్చున్నాడు. గన్ను లేదు, దుర్భిణి లేదు. వేపచెట్టు కింద తెల్లగా ఏదో కదిలింది. కళ్లు చికిలించాడు, పోల్చుకోలేకపోయాడు. చేసేదేమీ లేక లేచి, పాదుల మధ్యగా నడుచుకుంటూ గట్టు దాకా పోయాడు. తీరా చూస్తే కొంగ. చప్పుడుకు అదీ ఎగిరిపోయింది. జిలాని వదిలేసిన చెప్పు అక్కడే పడి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎలాగూ ఇంత దూరం వచ్చాను కదా అని గట్టు దాటాడు.