ఏడాది చివర ఇస్తాను

ఆ ఆదివారం ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. పన్నెండింటికి సామాన్ల వాను వస్తుంది. అయిదు గదుల ఇంట్లోంచి రెండు గదుల ఫ్లాటులోకి మారాలి. ఈలోగా మంచం కింద ఉన్న ట్రంకుపెట్టెను ఎలాగో వదిలించుకోవాలి.

ఆ పెట్టె కిందటి నెలే రిటైరైన లెక్కల టీచరుది. ముప్ఫై నాలుగేళ్లలో క్లాసులో పిల్లల దగ్గర లాక్కున్న బొంగరాలు, గోళీలు, ఈలలు, రబ్బరు బల్లులు అన్నీ అందులోనే ఉన్నాయి. ప్రతిదానికీ దారంతో కట్టిన చీటీ: పేరు, తరగతి, చేసిన నేరం. లాక్కున్నప్పుడల్లా "ఏడాది చివర ఇస్తాను" అనేది ఆవిడ. ఏడాది చివర పరీక్షలూ, పేపర్లూ, మార్కులూ మీద పడేవి. ఇవ్వడం మాత్రం పడలేదు.

"పారేస్తే పోలా?" అన్నాడు ఆవిడ భర్త, మూడేళ్ల కిందట రిటైరైన పోస్టుమాస్టరు.

"మాటిచ్చానండీ. పిల్లలకి మాటిచ్చి చెత్తలో పారేస్తే ఇంక నేనేం టీచర్ని?" అంటుంటే ఆవిడ గొంతు వణికింది.

ఆ గొంతు వణకడం ఆయన ఇన్నేళ్ల కాపురంలో వినలేదు. చేరవలసిన చోటికి చేరని ఉత్తరం ఒక్కటి మిగిలినా అన్నం సయించని మనిషి కాబట్టి ఆ బాధ ఆయనకు వెంటనే తెలిసింది. భార్యకు చెప్పకుండా ఆవిడ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు: "టీచరుగారు ఇల్లు మారుతున్నారు. మీ దగ్గర తీసుకున్న వస్తువులు పన్నెండులోపు వచ్చి పట్టుకెళ్లండి."

తొమ్మిదిన్నరకే గేటు దగ్గర వరస కట్టారు. బట్టతలలూ, బొజ్జలూ, యూనిఫారంలో ఒక ట్రాఫిక్ కానిస్టేబులూ, ఒక గుండె డాక్టరూ, అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. టీచరు ముందుగదిలో కుర్చీ వేసుకుని చీటీ చదివి, మొహం పోల్చుకుని, వస్తువు అందించసాగింది. గుండె డాక్టరుకు నీలం గోళీ వచ్చింది. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"లోపల బుడగ ఇంకా అలాగే ఉంది టీచర్," అన్నాడు.

ముప్ఫై ఏళ్ల కిందటి చిన్న బుడగ ఈ ఇంట్లో మంచం కింద చెక్కుచెదరకుండా ఉందన్న సంగతి తలుచుకుంటే పోస్టుమాస్టరుకు ఒళ్లు గగుర్పొడిచింది. కళ్లు తుడుచుకోవడానికి పెరటివైపు వెళ్లాడు.

వీధిలో కథ వేరేగా నడుస్తోంది. వట్టి చేతులతో లోపలికి వెళ్లినవాళ్లు ఏదో ఒకటి పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని బయటికి వస్తుంటే దారినపోయేవాళ్లు ఊరుకుంటారా?

"ఏంటండీ సంగతి?"

"ఇల్లు మారుతున్నారు. అన్నీ ఇచ్చేస్తున్నారు," అన్నాడు బొంగరం దొరికినాయన, గద్గదంగా.

పెరటి గుమ్మం దగ్గర రెండో వరస తయారైంది. పోస్టుమాస్టరు వాళ్లను సామాన్ల వాను మనుషులనుకున్నాడు. "ముందే వచ్చారే, సంతోషం. బరువైనవి ముందు తియ్యండి. ఆ కుక్కరు జాగ్రత్త," అని చెప్పి బీరువాకు తానూ ఒక చెయ్యి వేశాడు. ఇస్తూ, పైగా మోస్తున్న ఆ మహానుభావుడిని చూసి జనం చలించిపోయారు.

పన్నెండింటికి అసలు వాను వచ్చింది. డ్రైవరు ఇల్లంతా తిరిగి చూశాడు.

"సార్, ఎక్కించడానికి ఏం లేదండి. మేడంగారి కుర్చీ, ఆ పెట్టె. అంతే."

టీచరు లేచి గేటు దగ్గరికి వెళ్లింది. ఆవిడ సంసారం మొత్తం నెత్తుల మీదా, భుజాల మీదా వీధి మలుపు దాకా సాగి ఉంది. ఆవిడ గొంతు పెంచలేదు.

"ఎక్కడ తీసినవి అక్కడ."

వీధి ఆగిపోయింది. ఈల నోటిదాకా తెచ్చిన కానిస్టేబులు, ఏడో తరగతిలో అది పోయింది ఊదినందుకేనని గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ దగ్గర ఒక్క లెక్క నేర్చుకోనివాళ్లు కూడా తల వంచుకుని వెనక్కి తిరిగారు. గడియారం మేకుకు ఎక్కింది. గరిటెలు కొక్కేలకు వేలాడాయి. ఆ గొంతుతో ఇన్నేళ్లు కాపురం చేసి తాను మామూలుగా తిరుగుతున్నందుకు పోస్టుమాస్టరు నోరు వెళ్లబెట్టి నిలబడ్డాడు.

చిక్కల్లా ఏమిటంటే, సొంత సామానుతో ఆ దారిన పోతున్నవాళ్లు కూడా భయపడి అక్కడే దించేసి పోయారు. రెండు సైకిళ్లు, ఎవరిదో కొత్త సోఫా, ఇస్త్రీ బల్ల మిగిలాయి.

"రెండు ట్రిప్పులవుతుందండి," అన్నాడు డ్రైవరు.

టీచరు అదేమీ వినలేదు. ట్రంకుపెట్టె అడుగును అరచేత్తో తడిమి చూసుకుంటోంది. "ఒక్కటీ మిగల్లేదండీ. అందరికీ ఇచ్చేశాను," అంది చిన్నగా. ఆ మొహంలో వెలుగు చూసి పోస్టుమాస్టరు తాను చేసిన పనికి లోలోపల పొంగిపోయాడు.

తర్వాత ఆవిడ చీటీల కట్ట తీసి రాయడం మొదలుపెట్టింది: సైకిలు, వీధిలో వదిలి పారిపోవుట. సోఫా, అదే. నాలుగు చీటీలూ కట్టాక తలెత్తింది.

"గ్రూపులో ఆ ముక్క పెట్టిందెవరు?"

పోస్టుమాస్టరు చెయ్యి ఎత్తాడు. ఆవిడ చెయ్యి చాపింది. ఆయన ఫోను ఆ చేతిలో పెట్టాడు. దానికీ దారంతో చీటీ కట్టి పెట్టెలో వేసి తాళం పెట్టింది.

"మళ్లీ ఎప్పుడిస్తావు?"

"ఏడాది చివర."

పోస్టుమాస్టరు తన అరవై మూడుకు ముప్ఫై నాలుగు కలిపి చూసుకుని, ఆ వయసులో ఎటూ ఫోనులో అక్షరాలు కనబడవులే అని సర్దిచెప్పుకున్నాడు.