గొర్రెలు లేని పూట

ఆ రోజు పొద్దున్నే మింతోనియా కాఫీ పాత్రను సబ్బుతో కడిగేసింది. అత్తగారు పస్కెద్దా ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు కొన్న అల్యూమినియం పాత్ర అది. అప్పటినుంచి మంచినీళ్ళతో తొలిచి బోర్లించడమే తప్ప దానికి సబ్బు తగలలేదు. లోపల నల్లగా పేరుకున్న పొరలోనే రుచంతా ఉందని ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరి నమ్మకం.

"నలభై ఏళ్ళ కాఫీని తూములో పోశావు," అంది పస్కెద్దా, తళతళలాడుతున్న పాత్రను కిటికీ వెలుగులోకి ఎత్తి చూస్తూ.

"లోపలంతా మసి అత్తయ్యా. ఆఫీసావిడ వస్తోంది. ఆవిడకి కాఫీ ఇందులోనే కదా ఇవ్వాలి?"

"ఇవ్వు. సబ్బునీళ్ళు తాగి వెళ్తుంది."

ఈ పూట కోడలితో మాట్లాడేది లేదని ఆవిడ గోడకు చెప్పింది, కోడలికి వినబడేంత గట్టిగా. తరవాత పాత్రను ఒళ్ళో పెట్టుకుని వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

నిజానికి మింతోనియా ఆ రోజు కోరుకున్నది చిన్నదే. సార్డీనియా కొండల్లో నడిచే యాత్రికుల కోసం కాలిబాటల ఆఫీసువాళ్ళు కొత్త బాట వేస్తున్నారు. అది కార్క్ చెట్ల అడవిలోంచి, గబ్బిలాల గుహ పక్కగా, పాతకాలపు ఊటబావి మీదుగా వస్తుంది. చివర ఎక్కడ ఆగాలన్నదే తేలలేదు. ఆగితే వీళ్ళ పెరటి వెనకున్న రాతి బురుజు దగ్గర ఆగాలి, లేకపోతే పక్క ఊరి బురుజు దగ్గర. ఇక్కడ ఆగితే, నడిచొచ్చిన వాళ్ళకు ద్రాక్షపందిరి కింద బల్లలు వేసి భోజనం పెట్టాలని మింతోనియా ఆశ. ఆరేళ్ళ కాపురంలో ఆమె ఆ వంటగదిలో సొంతంగా పొయ్యి మీద పెట్టినవి నీళ్ళు మాత్రమే.

అడ్డల్లా గొర్రెలే. ఆ బురుజు వేల ఏళ్ళనాటిది. దాని చుట్టూ ఉన్న రాతి ప్రహరీని మొగుడు బకీసియో తాతలనాటి నుంచీ గొర్రెల దొడ్డిగా వాడుతున్నారు. కిందటేడు వచ్చిన అధికారి లోపలికి తొంగిచూసి, ఒక పొట్టేలుతో ముఖాముఖీ అయ్యి, అటునుంచి అటే వెళ్ళిపోయాడు. అందుకని ఈసారి మింతోనియా మొగుణ్ణి వారంపాటు బతిమాలింది. బకీసియో చివరికి ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు. పట్నం ఆవిడ చూస్తుందని కాపరి తన గొర్రెల్ని దాచుకున్నాడంటే ఇంక నలుగురిలో తిరగలేడు. తెల్లవారకముందే మంద మొత్తాన్ని కొండ అవతలికి తోలుకుపోయి, చెల్లెలి మొగుడు జువన్నె దొడ్లో వదిలాడు. తల్లిని కూడా నోరు విప్పొద్దన్నాడు.

రొట్టెల్లో కలపడానికి పులిసిన పిండి ముద్ద కోసం వచ్చిన పక్కింటి తతానాకు ముందుగా ఆ నిశ్శబ్దం వినబడింది. ఆ ఇంట గొర్రెల మెడగంటల చప్పుడు లేకపోవడం ఆమె ఎరగదు. పెరట్లోకి తొంగిచూసింది. దొడ్డి ఖాళీ.

"గొర్రెలేవి వదినా?"

"లేవు."

"లేవంటే?"

"లేవంటే లేవు. నన్నడక్కు. ఈ ఇంట్లో నా మాటకేం విలువ?" అంటూ పస్కెద్దా తలగుడ్డ అంచుతో కళ్ళొత్తుకుంది. ఆ కన్నీళ్ళు ఒళ్ళోని కాఫీ పాత్ర కోసమని తతానాకు ఎలా తెలుస్తుంది? పిండి ముద్ద సంగతి మరిచి ఆమె వెనుదిరిగింది. బజారు దాటేసరికి బకీసియో మందను రాత్రికి రాత్రి దొంగలు తోలుకుపోయారన్న సంగతి ఊరందరికీ తెలిసిపోయింది.

ఆ కొండల్లో ఎవడి మంద పోయినా, ఊళ్ళో కాపరులందరూ తలా ఒక గొర్రెను తెచ్చి వాడి దొడ్లో వదులుతారు. ఇచ్చేవాడు నోరు విప్పితే పుచ్చుకునేవాడి పరువు పోతుందని విప్పడు. వద్దంటే ఇచ్చినవాడి పరువు పోతుందని పుచ్చుకునేవాడూ అనడు. ఇలా అందరి పరువూ నిలబడుతుంది కానీ అసలు సంగతి అడిగేవాడు ఒక్కడూ ఉండడు. మింతోనియా సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళింట పుట్టింది. ఈ ఆచారం గురించి విననైతే వింది కానీ కళ్ళారా చూడలేదు.

బురుజును ఊడ్చి, కడిగి, గుమ్మంలో మంచి వాసనవేసే మిర్టిల్ పొద కొమ్మలు పరుస్తుండగా పెద్ద కాపరి బొబోరె మావ వచ్చాడు. టోపీ తీశాడు. మూరెడు పొదుగున్న గొర్రెను లోపలికి నెట్టి, మళ్ళీ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ముసలాయనకు మతి తప్పిందనుకుని మింతోనియా జాలిపడింది. చీపురు తిరగేసి గొర్రెను బయటికి తోలింది.

సరిగ్గా అప్పుడే రెండో కాపరి తన గొర్రెతో గేటు దగ్గరికి వచ్చాడు. బొబోరె మావ ఇచ్చిన గొర్రెను ఇంటి ఇల్లాలు చీపురుతో తరమడం చూశాడు. ఒక్క గొర్రె అంటే అవమానంగా తోచినట్టుందని వాడు అర్థం చేసుకున్నాడు. తన గొర్రెను వదిలి, పరుగున ఊళ్ళోకి పోయి ఆ మాట చెప్పాడు. అప్పటిదాకా తలా ఒకటి అనుకున్నవాళ్ళు తలా రెండు ఎంచడం మొదలుపెట్టారు. పిసినారులు అనిపించుకోకూడదని మంచి పాడి గొర్రెల్నే ఎంచారు. మింతోనియా ఒకదాన్ని బయటికి తోలేలోపు నాలుగు లోపలికొచ్చాయి.

వీధి గుమ్మంలో కూర్చున్న పస్కెద్దా ముందు నుంచే ఆ ఊరేగింపు అంతా నడిచింది. ఆవిడకు మొదటి గొర్రెతోనే సంగతి బోధపడింది. చెప్పాలంటే కోడలితో మాట్లాడాలి. ఆ పూటకు మాట్లాడనని గోడకు మాట ఇచ్చేసింది. అందుకని గొర్రెల్ని మాత్రం శ్రద్ధగా, ఒక్కొక్కటిగా పరిశీలిస్తూ ఉండిపోయింది.

కొండ దిగి వస్తున్న బకీసియోకు దూరం నుంచే తన దొడ్డి నిండుగా కనబడింది. తన మందే దారి వెతుక్కుంటూ తిరిగొచ్చిందనుకుని తిట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. దగ్గరికొచ్చి ఒక గొర్రె చెవి పట్టుకున్నాడు. ఎవరి గొర్రెో తెలియడానికి గుర్తుగా పెట్టే చెవికోత తనది కాదు. ఇంకోదాని చెవి చూశాడు. ఊళ్ళో ఉన్న కోతలన్నీ ఆ దొడ్లో ఉన్నాయి.

"తిరిగిచ్చేయ్," అంది మింతోనియా, మొగుడు జరిగింది వివరించాక.

"ఇవ్వకూడదు."

"అయితే నిజం చెప్పు."

"అదసలే చెప్పకూడదు."

ఇంతలో ఊరి పుకారు కొండ దాటి జువన్నె చెవిన పడింది. బావ మంద దొంగలపాలైందట, కాపరులంతా వెతకడానికి బయల్దేరుతున్నారట. ఆ మంద తన దొడ్లోనే నెమరేస్తోంది, ఒక్కోదాని చెవి మీదా బావ కోతతో. ఎవరైనా వచ్చి చూస్తే తననే దొంగ అంటారు. ఇక ఆలోచించలేదు. కుక్కల్ని ఉసిగొల్పి మంద మొత్తాన్ని వెనక్కి తోలాడు.

కాలిబాటల ఆఫీసావిడ మరినెల్లా ఊటబావి దగ్గర మలుపు తిరిగి, కొత్త బాట వెంట నడుస్తూ వచ్చేసరికి దృశ్యం ఇదీ. బురుజు లోపల గొర్రెలు. ప్రహరీలో గొర్రెలు. గోడవార టోపీలు చేతబట్టుకుని, పెళ్ళివారిలా గంభీరంగా నిలబడ్డ కాపరులు. కొండ మీది నుంచి దుమ్ము రేపుకుంటూ దిగుతున్న మరో మంద, దాని వెనక రొప్పుతూ జువన్నె.

గోడ దగ్గరివాళ్ళు వచ్చే గొర్రెల చెవులు చూశారు. ఆ తరవాత జువన్నెను చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడంలో జువన్నె సగం చచ్చిపోయాడు.

ఆడపడుచు మొగుడి మీద దొంగతనం పడుతోంది. మింతోనియా బకీసియో వైపు చూసింది. అతనికి తప్పలేదు.

"దొంగ ఎవడూ లేడు. నేనే తోలి దాచాను. ఈ ఆఫీసావిడ వస్తోందని."

బొబోరె మావ బుర్ర గోక్కున్నాడు. "ఈవిడొస్తే గొర్రెలకేం?"

"చూస్తుందని."

"చూస్తే?"

గోడవార ఎవరో దగ్గినట్టు నవ్వారు. అది పక్కవాడికి పాకింది, చివరికి గోడంతా నవ్వింది. జువన్నె గడ్డిలో కూలబడి అందరికంటే ఎక్కువ నవ్వాడు. అయితే మీవి మీరు తోలుకెళ్ళండని బకీసియో అనబోయేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఇచ్చింది ఇచ్చినట్టేనన్నాడు బొబోరె మావ.

మరినెల్లా గుమ్మందాకా వెళ్ళడానికి రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ ఉన్ని మధ్య ఇరుక్కుని వెనక్కి వచ్చింది. బురుజు బాగుందనీ, దారి ఇంకా బాగుందనీ అంది. కానీ లోపల పశువులుంటే తను సంతకం పెట్టడం కుదరదంది. "రేపటికల్లా ఖాళీ అవుతుందా?" అని అడిగింది.

ఖాళీ కాదనీ, నిన్నటికంటే రెట్టింపు ఉన్నాయనీ మింతోనియా ఒప్పుకుంది. అబద్ధం చెప్పడానికి ఆమెకు ఓపిక లేకపోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, పరిచిన మిర్టిల్ కొమ్మల్ని నములుతున్న గొర్రె వైపు చూస్తూ నిలబడింది.

"భోజనాల వేళ దాటిపోతోంది. వచ్చినవాళ్ళని నిలబెట్టి మాట్లాడతావేం?" అంది వెనకనుంచి పస్కెద్దా. గోడకు మాటిచ్చాక ఆవిడ కోడలితో అన్న మొదటి మాట అది.

ద్రాక్షపందిరి కింద ఊడదీసిన తలుపులు, బల్లలు, పీపాలు కలిపి ఒకటే పొడుగాటి బల్ల వేశారు. ఆఫీసావిడ కోసం మింతోనియా రాత్రే, అత్తగారు నిద్రపోయాక, దుంపలూ పుదీనా జున్నూ కూరి, గోధుమకంకుల్లా అల్లిన పిండి పొట్లాలు తలా రెండొచ్చాయి. కాపరులు తమ జున్నూ ద్రాక్షసారా తెచ్చారు. తతానా కరకరలాడే పల్చటి రొట్టెల దొంతర పట్టుకొచ్చి, పొద్దుటి సంగతి ఎవరూ ఎత్తకుండా అందరికీ తనే వడ్డించింది. మరినెల్లా తన రెండు పొట్లాలూ తిని, బకీసియో పళ్ళెంలోంచి ఇంకోటి అడిగి తీసుకుంది. పస్కెద్దా ఒకటి తింది. తలెత్తకుండా రెండోదీ తింది. తరవాత చేతులు తుడుచుకుంది.

"వంటగది నీది," అంది కోడలితో. "గొర్రెలు నావి. అవీ, ఇవీ, అన్నీ. రేపే కొండ మీద మా నాన్న పాత దొడ్డికి తోలుకుపోతా. ఇంక బురుజులో ఒక్కటి కనబడదు."

బకీసియో చేతిలోని రొట్టె కింద పెట్టాడు.

"ఈ వయసులో కొండ మీదెందుకమ్మా?" అన్నాడు బకీసియో.

"నేను కాపరి కూతుర్ని. నలభై ఏళ్ళు వండాను. నాకెప్పుడూ వంట ఇష్టం లేదు. ఎవరూ అడగలేదు."

"మరి వీడో?" అన్నాడు బొబోరె మావ, బకీసియో వైపు గడ్డం చూపి.

"గొర్రెల్ని చూపించడానికి సిగ్గుపడేవాడికి గొర్రెలెందుకు? వచ్చినవాళ్ళకి బురుజు చూపిస్తాడు. దానికి కాళ్ళు లేవు, తోలి దాచలేడు."

మరినెల్లా పళ్ళెం పక్కకు జరిపి అక్కడికక్కడే సంతకం పెట్టేసింది. మింతోనియా ఏడుస్తూ నవ్వుతూ అత్తగారి గ్లాసు నింపింది. బకీసియో ఈ పంపకంలో తనకేమొచ్చిందని అడగబోయి, తల్లి ముఖం చూసి, ఇంకో రొట్టె ముక్క తీసుకున్నాడు.